ఫర్వాలేదన్నవాడికి పచ్చరంగు

మంగళవారం

చిన్నా,

మీ బావని చంపింది నువ్వే.

ఆశీస్సులు తర్వాత. ఈ వాక్యం ముందు రాయకపోతే ఇక ఎప్పటికీ రాయలేనని రాసేశాను. రాశాక చూసుకున్నాను, దస్తూరీ ఏమీ వణకలేదు. కోపంతో రాస్తున్నానని అనుకోకు. కోపం వచ్చి ఉంటే నాకే తేలిగ్గా ఉండేది. నా కోపం ఎలా ఉంటుందో నీకు తెలుసు. కరెంటు పోయినా సభలో ఆఖరి వరుస దాకా వినబడే కోపం. మైకక్క అని నువ్వు ఊరికే పేరు పెట్టలేదు. ఇప్పుడది లేదు. చెయ్యి కింద పెట్టుకుని పడుకుని లేస్తే ఆ చెయ్యి మనది కాదేమో అనిపిస్తుంది చూడు, మొత్తం మనిషినే అలా ఉన్నాను. గిల్లితే తెలుస్తుందేమో. గిల్లుకోవాలని కూడా అనిపించడం లేదు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటంటావు. ఫోన్‌లో అయితే "మీటింగులో ఉన్నానక్కా, మళ్లీ చేస్తా" అంటావు. ఉత్తరాన్ని అలా తప్పించుకోలేవు. చింపాలన్నా ముందు చేతిలోకి తీసుకోవాలి. అదీగాక నాకు ఫోన్ ఎత్తాలంటే భయంగా ఉంది. అవతల ఉన్నది మనిషో, మీ యంత్రమో.

దీని నకలు నా దగ్గర ఉంచుకుంటున్నాను. వచ్చే వారం శుక్రవారం విచారణ సంఘం ముందు చదువుతాను. అందుకే నీకు తెలిసిన సంగతులు కూడా తెలియనివాళ్లకి చెప్పినట్టు రాస్తున్నాను. ఓపిక పట్టు.

మన ఊళ్లో అంబులెన్స్ కోసం ఎవరు ఫోన్ చేసినా ముందు పలికేది మనిషి కాదు. నువ్వు పనిచేసే కంపెనీ తయారుచేసిన యంత్రం. ఆడగొంతు కాబట్టి కంట్రోల్ రూమ్‌లో అందరూ దాన్ని మేడం అంటారు. అది మాట వింటుంది, గొంతు వింటుంది, ప్రశ్నలు వేస్తుంది, చివరికి ఒక రంగు వేస్తుంది. ఎరుపైతే బండి తక్షణం బయల్దేరుతుంది. పసుపైతే దాని వెనకాల. పచ్చ అయితే మిగతావాళ్లందరూ అయ్యాక, బండి ఖాళీగా ఉన్నప్పుడు. ఈ యంత్రాన్ని జనం మీదికి వదిలే ముందు పరీక్షించి, బాగానే ఉంది వదలండి అని చెప్పే విభాగానికి పెద్ద నువ్వే.

ఆ మధ్యాహ్నం నేను ఆసుపత్రి ఊడ్చేవాళ్ల సభలో మాట్లాడుతున్నాను. ఫోన్ సంచిలో ఉంది. మీ బావ కింద టైలరింగ్ షాపులో ఒక్కడే ఉన్నాడు. ఎవరిదో చొక్కా కాలర్‌కి గుండుసూదులు పెట్టుకుంటున్నాడు. ఛాతీలో పట్టేసింది. మీ మేడంకి ఫోన్ చేశాడు. మేడం పచ్చరంగు వేసింది.

ఎదురు మందుల షాపు అమ్మాయి చూసి పరిగెత్తుకొచ్చేసరికే ఆయన కటింగ్ టేబుల్ మీద తల పెట్టుకుని ఉన్నాడట. కునుకు తీస్తున్నాడనుకుందట. అంబులెన్స్ ఆ తర్వాత వచ్చింది. నేనూ అప్పుడే వచ్చాను. డ్రైవర్ పెద్దమనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టోపీ తీసి పట్టుకున్నాడు. "పచ్చ కేసన్నారమ్మా. అందుకే సైరన్ వెయ్యలేదు" అన్నాడు. నేను ఆయన్ని కూర్చోమని మంచినీళ్లిచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు. అప్పటికే ఈ మొద్దుబారడం మొదలైందేమో.

నువ్వు వచ్చావు, మోశావు, వెళ్లావు. ఏం జరిగిందని అడగలేదు. అడగలేదంటే నీకు తెలుసన్నమాట.

ఇంకా ముందే తెలుసు. మేడం కొత్తగా వచ్చినప్పుడు ఒక ఆదివారం నువ్వు మా ఇంటికి భోజనానికొచ్చి దాని గొప్పలు చెప్పావు. గొంతులో వణుకు కూడా పట్టేస్తుందన్నావు, ఊపిరి ఎగబీల్చినా కనిపెడుతుందన్నావు. మీ బావ కంచంలోంచి తలెత్తి, "అయితే మా మైకు ఫోన్ చేసిందంటే మీ మేడం హడలిపోయి ఊళ్లో అందరికీ ఎరుపే వేస్తుందిరా బామ్మర్దీ" అన్నాడు. నువ్వు పొలమారేలా నవ్వావు. తర్వాత ఆయన అడిగాడు, "మరి నా సంగతేంటి?" అని.

"నీ గొంతు వింటే మేడం నిద్రపోతుంది బావా."

అందరం నవ్వాం. నేను ఇంకాస్త గట్టిగా నవ్వాను.

చిన్నా, తెలియనివాడు ఆ జోకు వెయ్యలేడు. మెల్లగా మాట్లాడేవాడి మాట మీ యంత్రానికి ఆనదని నీకు తెలుసు. నవ్వులాటకి పనికొచ్చిన సంగతి పరీక్షకి ఎందుకు పనికిరాలేదు? తెలిసి వదలడానికి చంపడం అని కాక ఇంకో మాట ఉంటే చెప్పు, అది రాసుకుంటాను.

శుక్రవారం విచారణ మీ బావ కోసం కాదు. ఇదే మేడంని చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ పెట్టాలా వద్దా అని తేల్చడానికి. మీ బావ చావు వాళ్ల కాగితాల్లో ఒక పేరా. నువ్వు అక్కడికి వచ్చి నోరు తెరిస్తే ఆగుతుంది. నువ్వు నోరు మూసుకుంటే ఆ ఊళ్లలో కూడా సైరన్ లేకుండా బండ్లు వస్తాయి. రా. చెప్పు.

ఆశీస్సులు.

అక్క


ఆదివారం

చిన్నా,

నీ జవాబు అందింది. నాలుగు పేజీల ఉత్తరానికి ఫోన్‌లో మూడు ముక్కల మెసేజీ. "అక్కా, నీ బాధ నాకర్థమవుతుంది. కానీ సగటున చూస్తే మేడం వచ్చాక బతికేవాళ్లు పెరిగారు. బావది దురదృష్టం." కింద దండం పెడుతున్న బొమ్మ ఒకటి.

సగటుతో మొదలుపెడదాం. నీ లెక్క తప్పని నేననను. ఎక్కువమందే బతికి ఉండొచ్చు. కానీ సగటుకి ఛాతీ నొప్పి రాదు. నొప్పి వచ్చేది ఒక మనిషికి, ఆ మనిషి ఒక రకంగా మాట్లాడతాడు. మీరు ఎప్పుడైనా ఏ రకంగా మాట్లాడేవాళ్లు బతుకుతున్నారు, ఏ రకంగా మాట్లాడేవాళ్లు పోతున్నారని విడదీసి చూశారా? చూడలేదు. కలిపి కూడితే కనబడనిదాన్ని విడదీయకుండా వదిలేసి, తర్వాత దానికి దురదృష్టం అని పేరు పెట్టడం, ఇది నేను ముప్ఫై ఏళ్లుగా వింటున్న పాట. గనిలో పైకప్పు కూలితే దురదృష్టం. మురుగ్గుంటలో దిగినవాడు పైకి రాకపోతే దురదృష్టం. మీరు కంప్యూటర్ ముందు కూర్చుని అదే పాట పాడుతున్నారు, కాస్త రాగం మార్చి.

ఇక అసలు సంగతి. నిన్న నేను కంట్రోల్ రూమ్‌కి వెళ్లాను. ఆయన గొంతు వినే హక్కు నాకుందట, అర్జీ పెట్టుకుంటే వినిపిస్తారట. పెట్టాను. చల్లటి పెద్ద హాలు. వరుసగా కుర్చీలు, సగానికి పైగా ఖాళీ. కుర్చీల వీపులకి స్వెటర్లు వేలాడుతున్నాయి, ఏసీ తట్టుకోలేక తెచ్చుకున్నవట. గోడ నిండా తెర, తెర మీద రంగు చుక్కలు. ఎక్కువ పచ్చవే. దూరం నుంచి చూస్తే కళ్లకి హాయిగా ఉంది.

సూపర్‌వైజర్ నా వయసావిడే. "కూర్చోండి మేడం" అంటే నన్నో, యంత్రాన్నో తెలియక అలాగే నిలబడ్డాను. ఆవిడకి అర్థమై, "మిమ్మల్నేనండీ" అంది. ఒక చిన్న నవ్వు మా ఇద్దరికీ వచ్చి పోయింది. హెడ్‌ఫోన్ నా చెవులకి ఆవిడే పెట్టింది.

అది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మేడం, ఏం కష్టమొచ్చిందో చెప్పండి అంది. మీ బావ ముందు నమస్కారం చెప్పాడు. తర్వాత, "కంగారేం లేదండీ. కాస్త ఛాతీలో పట్టేసినట్టుంది. ఎడం చెయ్యి కొంచెం బరువుగా ఉంది" అన్నాడు. నొప్పి ఎలా ఉందని అడిగింది. "ఫర్వాలేదండీ." ఊపిరి ఆడుతోందా అని అడిగింది. "ఫర్వాలేదు." పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగింది. "మా ఆవిడ మీటింగులో ఉందండీ, ఆవిడని కదపొద్దు." అంబులెన్స్ పంపిస్తాం, కాస్త ఆలస్యం కావచ్చు అంది.

"ఫర్వాలేదండీ. మీ వీలు చూసుకునే పంపించండి. పాపం మీకు ఎన్ని ఫోన్లో."

అంతే. కుట్టుమిషన్ పక్కన గోడ ఫ్యాన్ టకటకలాడే చప్పుడు కాసేపు వినబడి ఆగిపోయింది.

నేను ఏడవలేదు. సూపర్‌వైజర్ ఏడిచింది. నేను ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, ఫర్వాలేదు ఊరుకోండి అన్నాను. అని, ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు అలాగే ఉండిపోయాను.

ఆ మాట సంగతి నీకు కొత్తేం కాదు, నువ్వూ ఆయన దగ్గర పెరిగినవాడివే. కుట్టిచ్చిన లంగా మళ్లీ విప్పి కుట్టమంటే ఫర్వాలేదు. తెల్లటి గుడ్డ మీద టీ ఒలికితే ఫర్వాలేదు. కూరలో ఉప్పు మరిస్తే ఫర్వాలేదు. నేను వ్యాసం రాసి వినిపిస్తే ఫర్వాలేదు, అది మాత్రం చాలా బాగుందని. పెదాల మధ్య గుండుసూదులు ఉన్నప్పుడొక్కటే ఆయన ఆ మాట అనలేకపోయేవాడు, అప్పుడు తల ఊపేవాడు. నాకు ప్రతి ఫర్వాలేదూ విడివిడిగా తెలుసు. 'లే' సాగితే విసుగు. చివర 'లే' ఇంకొకటి చేరితే నన్ను వదిలెయ్యమని. గబుక్కున తెగిపోతే ఎక్కడో నొప్పి. మేడంతో అన్న రెండో ఫర్వాలేదు అలా తెగింది. నేను విన్నాను. మీ యంత్రం గొంతులో వణుకు పట్టేస్తుందన్నావు కదా. ఆయన గొంతులో వణుకు లేదు. తెగడం ఉంది.

ఇది ఆయనొక్కడి గొడవ కాదు, అందుకే రాస్తున్నాను. ఈ భాష మాట్లాడేవాళ్లలో ఎంతమంది నొప్పితో ఉండి ఫర్వాలేదంటారో నువ్వే చెప్పు. ఎవరంటారో కూడా నేను చెబుతాను. జీవితమంతా కౌంటర్ల ముందు నిలబడి కసురు తిన్నవాళ్లు. ఇంట్లో అందరూ తిన్నాక తినేవాళ్లు. అయ్యగారి బండి కడుగుతూ చెయ్యి కోసుకున్నవాళ్లు. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్లు. నోరున్నవాడు గోల చేసి ఎరుపు వేయించుకుంటాడు. నోరు లేనివాడి మర్యాదని మీ యంత్రం ఆరోగ్యం కింద రాసుకుంటుంది. పెద్ద గొంతుకి పెద్ద పీట వెయ్యడానికి ఇంత చదువు, ఇన్ని కంప్యూటర్లు ఎందుకు చిన్నా? మామూలు ఆఫీసుల్లో ఇదే పని గుమాస్తాలు చేతితో చేసిపెడుతున్నారు కదా.

లేచేటప్పుడు సూపర్‌వైజర్ ఒక మాట అంది. మీ బావ కాల్ పక్కన 'సంతృప్తి' అని పడిందట. ఆఖర్న ఆయన మర్యాదగా మాట్లాడాడని.

కాబట్టి నేను నిన్ను అడిగేది ఒక్కటే. దాన్ని తీసెయ్యమని చెప్పు. ఆ ఖాళీ కుర్చీల్లో మళ్లీ మనుషుల్ని కూర్చోబెట్టమని చెప్పు. చెవులున్న మనిషికి ఆ మాట తెలిసేది. ఇందులో నాకేమీ అనుమానం లేదు.

అక్క


బుధవారం

చిన్నా,

నిన్న నువ్వు వచ్చి వెళ్లాక ఇది రాయాల్సి వచ్చింది. నువ్వు వెళ్లేటప్పుడు నా నోరు పెగల్లేదు. మైకు మూగబోయిందని మీ బావ ఉంటే పండగ చేసుకునేవాడు.

నువ్వు మెసేజీ పెట్టకుండా, హారన్ కొట్టకుండా షాపు గుమ్మంలో నిలబడితే ముందు బట్టలు తీసుకెళ్లడానికి ఎవరో వచ్చారనుకున్నాను. కొలతలు తీసేటప్పుడు జనం ఎక్కే ఎత్తుపీట మీద కూర్చున్నావు. షర్టు నలిగి ఉంది. నేను టీ పెట్టలేదు, నువ్వు అడగలేదు. నువ్వు చెప్పినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. నేను సరిగ్గా విన్నానో లేదో చూసుకో. ఈ ఇంట్లో సరిగ్గా వినడం మీద ఇప్పుడు చాలా ఆధారపడి ఉంది.

మొదటిది, మీ పరీక్ష సంగతి. మేడంని పరీక్షించడానికి మీ ఆఫీసువాళ్లే రోగుల్లాగా ఫోన్లు చేశారన్నావు. గుండెపోటు వచ్చినట్టు మాట్లాడమంటే అందరూ అరిచారు, మూలిగారు, ఆయాసపడ్డారు. సినిమాల్లో అలాగే ఉంటుంది కాబట్టి. నువ్వు మరీ బాగా అరిచావని క్యాంటీన్ దాకా పేరొచ్చిందట. పైఅంతస్తు నుంచి సెక్యూరిటీ అతను దిగివచ్చాడట. మేడం అందరికీ ఎరుపు వేసింది. మీరు చప్పట్లు కొట్టుకున్నారు. మెల్లగా, మర్యాదగా చచ్చిపోతున్నట్టు నటించాలని అక్కడ ఒక్కరికీ తోచలేదు. "మేమెవరం అలా మాట్లాడం అక్కా, మాకు తట్టలేదు" అన్నావు. నీకు తట్టలేదా? ఆ జోకు వేసింది ఎవరు మరి? అడిగాను. నువ్వు నేల మీద ఉన్న గుడ్డపేలికలు ఏరుతూ కూర్చున్నావు.

రెండోది విన్నప్పుడు నాకు చాలా రోజుల తర్వాత ఒంట్లో ఏదో కదిలింది. మేడం తన పని తను చూసి నేర్చుకుంటుంది. పచ్చ పడినవాళ్లు కాసేపటికి మళ్లీ ఫోన్ చేసి గోలపెడితే, తప్పు చేశానని నేర్చుకుంటుంది. మళ్లీ ఫోన్ రాకపోతే, సరిగ్గానే చేశానని నేర్చుకుంటుంది. బండి వెళ్లి ఏం చూసిందో దానికెవరూ చెప్పరు. తిరిగి ఫోన్ రాని ప్రతి ఇంటినీ సుఖాంతం కింద రాసుకుంటుంది.

చచ్చిపోయినవాళ్లు తిరిగి ఫోన్ చెయ్యరు.

ఈ ముక్క నువ్వు అనలేదు, నేనూ అనలేదు. ఇద్దరం కటింగ్ టేబుల్ వైపు చూశాం. అంటే మీ బావ పోయి మేడంకి ఒక పాఠం చెప్పాడు. ఫర్వాలేదన్నవాడికి పచ్చ వెయ్యి, ఏమీ కాదు అని. ఆయన తర్వాత ఫోన్ చేసినవాడికి ఆ పచ్చ ఇంకాస్త ధీమాగా పడి ఉంటుంది. తప్పు చేసిన కొద్దీ తప్పు మీద నమ్మకం పెరిగే ఏర్పాటు ఇది. వీళ్లంతా మళ్లీ ఎందుకు ఫోన్ చెయ్యలేదో ఎవరైనా కనుక్కున్నారా అని నువ్వు ఒకసారి అడిగావట. ముందు ఊళ్లో కుదురుకోనివ్వండి, తర్వాత చూద్దామన్నారట మీ పైవాళ్లు. తర్వాత ఎవరూ చూడలేదు. నువ్వూ మళ్లీ అడగలేదు.

మూడోది నన్ను దెబ్బతీసింది. నేను నా వాదన ఎత్తుకున్నాను: అందుకే మనుషులు కావాలంటున్నాను, మనిషి చెవికి తెలిసేది అని. నువ్వు తలెత్తకుండానే అన్నావు.

"మేడంకి పాఠం చెప్పింది పాత కాల్సే అక్కా. మనుషులు ఎత్తినవి. వాళ్లూ ఫర్వాలేదన్నవాణ్ణే వెనక్కి నెట్టారు. అది మన దగ్గరే నేర్చుకుంది."

నీ ఫోన్‌లోంచి ఒక పాత కాల్ వినిపించావు. ఎవరో ముసలావిడ. ఇబ్బంది పెడుతున్నానేమో బాబూ అంటోంది. ఇటు పక్క కుర్రగొంతు, చెడ్డగొంతు కాదు, అలిసిపోయిన గొంతు, "ఫర్వాలేదు కదమ్మా? అయితే కాస్త ఆగుతారా?" అంది. ఆవిడ ఆగుతానంది. మనిషి చెవి చిన్నా అది. తల్లీ తండ్రీ ఉన్న చెవి.

నా వాదనలో సగం అక్కడికక్కడ కూలిపోయింది. ముప్ఫై ఏళ్లుగా వేదికల మీద వాదించేదాన్ని, ఓడిపోయినప్పుడు తెలుసుకోలేనంత మొద్దుని కాదు. యంత్రం చెడ్డది, మనిషి మంచివాడు అన్నది తేలిక మాట. తేలిక మాటలతో చప్పట్లు వస్తాయి, బండి రాదు. కాబట్టి దాన్ని తీసెయ్యమన్న మాట నేను తీసేస్తున్నాను.

కానీ మిగతా సగం నిలబడే ఉంది, అది కూడా విను. అలిసిపోయిన ఆ కుర్రాడికి ఇంటికి వెళ్లాక ఆ ముసలావిడ గుర్తొస్తుంది. మర్నాడు ఇంకొకరు ఆ మాటంటే ఒక్క క్షణం ఆగుతాడు. పక్క కుర్చీలో ఉన్నది ఇంకో మనిషి, ఆమె వేరేలా వింటుంది. వాళ్ల తప్పులు వాళ్లంత చిన్నవి, ఒకరి తప్పుకి ఇంకొకరు అడ్డం పడతారు. మేడం అన్ని కుర్చీల్లోనూ తనే కూర్చుంటుంది. అది పొరబడితే ఊళ్లో ప్రతి ఇంటికీ ఒకే రకంగా, ఒకే మర్యాదతో పొరబడుతుంది. అడ్డం పడే పక్క కుర్చీ లేదు. తెలివిగలది కాబట్టి ఎవరూ ఎదురు అడగరు. సూపర్‌వైజర్ చెప్పింది, పచ్చని ఎరుపు చేసే మీట ఇప్పటికీ ఆవిడ బల్ల మీద ఉంది. నొక్కితే, ఎందుకు నొక్కావని సంజాయిషీ రాయాలి. నొక్కకపోతే ఏమీ రాయక్కర్లేదు. మనిషిని కూర్చోబెట్టి, నోరు కుట్టేసి, మనిషి చూస్తూనే ఉన్నాడని బయట చెబుతున్నారు. టైలర్ పెళ్లాన్ని, ఏ కుట్టు ఎందుకు వేస్తారో నాకు చెప్పక్కర్లేదు.

నువ్వే చంపావని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు. ఆ వాక్యంలో ఇంకా కొంతమందికి చోటుందని మాత్రం ఒప్పుకుంటున్నాను. తర్వాత చూద్దామన్నవాడికి. సంతృప్తి అన్న మాట కనిపెట్టినవాడికి. మర్యాదగా ఉండమని మనందరికీ నేర్పి, ఆ మర్యాద మీద బండ్లు నడిపించుకున్నవాళ్లకి. వాళ్లందరూ వచ్చినా నీ చోటు నీకుంటుంది. నువ్వు కూడా అది వదిలి పారిపోవడానికి రాలేదని నాకర్థమైంది.

ఎందుకంటే వెళ్లేముందు మిషన్ మీదున్న ఆ చొక్కా చూశావు. కాలర్ సూదులతో అలాగే ఉంది, నేను ముట్టుకోలేదు. ఎవరిదో అనుకున్నాను ఇన్నాళ్లూ. నువ్వు భుజాల దగ్గర పట్టుకుని నీ ఒంటికి ఆనించుకున్నావు. ఎడమ భుజం రవంత కిందికి, నీకున్నట్టే. "బట్ట నేనే ఇచ్చానక్కా. తొందరేం లేదు బావా అన్నాను" అన్నావు. దాన్ని మళ్లీ మడతపెట్టి, శుక్రవారం వస్తాను, అన్నీ చెబుతాను అన్నావు. పరీక్షలు ఎలా చేశారో, ఏం అడిగితే ఏం చెప్పారో, అన్నీ. నీ ఉద్యోగం సంగతేంటని అడిగాను.

"ఫర్వాలేదు" అన్నావు.

నేను విన్నాను చిన్నా. గబుక్కున తెగింది.

మా ఇంట్లో పెరిగినవాడివి, ఆయన దగ్గరే నేర్చుకున్నావు. ఆ మాట అని, గడప దాటి, చెప్పులు ఎడమది కుడికి కుడిది ఎడమకి వేసుకుని, మళ్లీ మార్చుకుని వెళ్లావు. నేను ఆపలేదు. పైకి వచ్చి కూర్చున్నాక చెయ్యి తిమ్మిరి వదులుతున్నప్పుడు పొడిచినట్టుంటుందే, అలా మొదలైంది. ఇంకా అలాగే ఉంది. మంచిదే అనుకుంటాను.

శుక్రవారం నేను పాత ఉత్తరాలు చదవను. అక్కడ నువ్వు చెప్పు, నేను పక్కన కూర్చుంటాను. చివర్లో ఈ కింద ఉన్నవి మాత్రం చదువుతాను. చదివి కూర్చుంటాను, ఉపన్యాసం ఉండదు. మొదటివి వాళ్లకి. మిగతావి నీకొక్కడికే.

విచారణ సంఘానికి:

ఫర్వాలేదన్నారని ఎవరికీ పచ్చరంగు వెయ్యకూడదు. ఆ మాట వినబడితే ఒక మనిషి లైన్లోకి వచ్చి మళ్లీ అడగాలి.

యంత్రానికి తెలియనప్పుడు తెలియదని చెప్పనివ్వండి. దానికొక రంగు పెట్టండి.

తిరిగి ఫోన్ రాని ఇంటికి మీరే ఫోన్ చెయ్యండి. ఎత్తకపోతే వెళ్లి తలుపు కొట్టండి. అది తెలిసేదాకా సుఖాంతమని రాసుకోవద్దు.

రంగు మార్చిన ఉద్యోగిని సంజాయిషీ అడగొద్దు. ఖాళీ కుర్చీల్లో మనుషుల్ని నింపండి, వాళ్లని మాట్లాడనివ్వండి.

పరీక్షలకి మెల్లగా మాట్లాడేవాళ్లని పిలవండి. అరిచేవాళ్లు మీ దగ్గర సరిపడా ఉన్నారు.

ఇవన్నీ జరిగి, బయటివాళ్లు చూసి సరే అనేదాకా ఇంకో ఊరికి తీసుకెళ్లొద్దు.

తమ్ముడికి:

శుక్రవారం పొద్దున ముందు షాపుకి రా. కలిసి వెళదాం.

వచ్చే ముందు మీ ఆవిడకి అంతా చెప్పు. ఉద్యోగం గురించి కూడా.

చొక్కా కాలర్ మందుల షాపు అమ్మాయి కుట్టిపెడతానంది. వంకరగా వచ్చినా అదే వేసుకో.

నేను ఎలా ఉన్నానని అడుగు. ఫర్వాలేదంటే నమ్మకు. మళ్లీ అడుగు.

ఆశీస్సులతో,
మైకక్క